సున్నా నొక్కిన వేలు

ఈ ముసలాయన వేలు పెడితే చాలు, మీటరుకు అందని కరెంటును కూడా చెప్పేస్తాడని మా పేట పర్సుడీహ్‌లో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నేనే. నా వేలికి ఏ విద్యా లేదు. ఒక కర్మాగారం ఇన్‌స్ట్రుమెంట్ షాపులో ముప్పై ఏళ్లు పనిచేశాను, అంతే. ముప్పై కాదు, ఇరవై ఆరు.

రిటైరయ్యాక ఒక కాంట్రాక్టరుకు గ్యాస్ మీటర్లు బాగుచేసేవాణ్ణి. పనివాళ్లు చొక్కా జేబుకు తగిలించుకునే చిన్న పెట్టెలవి. ప్రాణం తీసే ఫర్నేసు గ్యాసుకు రంగూ వాసనా ఉండవు. అది సెన్సారుకు తగిలితే రవ్వంత కరెంటు పుడుతుంది. ఆంపియరును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒకటో రెండో. దాన్ని పట్టి కూత పెట్టే సర్క్యూటు చిన్న బ్యాటరీతో నెలల తరబడి నడుస్తుంది. అంత చిన్న లెక్కలో వేలి చెమట కూడా దొంగ కరెంటును పారనిస్తుంది, మీటరు దాన్నీ గ్యాసే అనుకుంటుంది. అందుకే బోర్డును అంచులు పట్టి తీయాలి, స్పిరిట్‌తో కడగాలి, పూర్తిగా ఆరాకే సున్నా బటన్ నొక్కాలి. కొత్తవాళ్లకు ఇదంతా నేనే చెప్పేవాణ్ణి.

మా బావమరిది ఆ కాంట్రాక్టరు కిందే గ్యాసు పైపుల పనిచేస్తాడు. వానాకాలంలో ఒక మధ్యాహ్నం తన మీటరు పట్టుకొచ్చాడు.

"ఏటి బావా, మొన్ననే కదా బాగుసేసినావు? ఊరికే అరత్తంది. సూపర్‌వైజరు 'బంద్ కరో ఇస్కో, నహీ తో ఘర్ జావో' అంతన్నాడు, ఆపకపోతే ఇంటికి పొమ్మని."

"నా సెయ్యి పడింది కదరా, దానికీ నా నోరే వచ్చుంటది."

"నీ జోకులు తరవాత. బస్సు వచ్చేత్తాది, ముందు దీని నోరు ముయ్యించు."

విప్పితే బోర్డు మీద నా వేలిముద్ర. మొన్న పకోడీ తింటూ సెన్సారు మార్చాను. ఆ ఉప్పు వాన తేమకు చెమర్చింది. కడిగి ఆరబెట్టాలంటే గంట పడుతుంది. మూత బిగించి సున్నా నొక్కేశాను. అంటే, ఆ దొంగ కరెంటునే సున్నా అనుకోమని మీటరుకు చెప్పాను. కూత ఆగింది.

"సూసినావా నా ఏలు!" అన్నాను.

రెండు రోజులకు ఎండ కాసింది. ఉప్పు ఆరితే దొంగ కరెంటు పోతుంది, మీటరు సున్నా కిందికి దిగిపోతుంది. ఇక నిజంగా గ్యాసు వచ్చినా, ఆ గుంట నిండేదాకా కూయదు. ఇది నాకు తెలుసు. ఎండ చూసి బట్టలు ఆరేశాను. వాడికి ఫోన్ చేయలేదు.

ఆ రోజే పైపు కీలు దగ్గర గ్యాసు కారింది. పక్కవాడి మీటరు కూసింది. ఆ పక్కవాడే, పడిపోయిన మా బావమరిదిని బయటికి లాక్కొచ్చాడు. కబురు వచ్చేసరికి అన్నం తింటున్నాను. తినడం ఆపలేదు. పప్పులో ఉప్పు తక్కువైందని అనిపించింది. అంతకు మించి ఏమీ అనిపించలేదు.

మూడు రోజుల ఆక్సిజన్‌తో వాడు లేచాడు. పడిపోయే ముందు విన్న కూత తన మీటరుదేనని, బావ చేతి చలవేనని అందరికీ చెప్పాడు. నేను కాదనలేదు. ఇంకాస్త మసాలా కలిపాను.

కొన్నాళ్లకు అదే మీటరు తగిలించుకుని పనికి బయల్దేరి, రోజూలాగే మా గుమ్మంలో ఆగాడు.

"ఒరే, ఆ రోజు కూసింది నీది కాదు. నీదాని నోరు నేనే నొక్కేసినాను," అన్నాను.

వాడు పడీపడీ నవ్వాడు. "నీ కోతలు నాకు తెల్దా బావా? పొగుడుకోడం అయిపోనాది, ఇప్పుడు తిట్టుకోడం ఎత్తుకున్నావేటి?"

ఒట్టు పెట్టాను. ఇంకా నవ్వాడు. అప్పుడు వాడి చేతిలో బీడీ చూసి, మీటరు మీదకు పొగ ఊదమన్నాను. ఆ పొగలోనూ అదే గ్యాసు కొంచెం ఉంటుంది. ఊదాడు. మీటరు పలకలేదు.

దాన్ని లాక్కుని, సబ్బుతో చేతులు కడుక్కుని, బోర్డును అంచులు పట్టి తీసి స్పిరిట్‌తో రెండుసార్లు కడిగాను. బస్సు వెళ్లిపోయింది. పూట పని పోయిందని వాడు గుమ్మంలో నిలబడి గొణిగాడు. బోర్డు ఆరాక సున్నా నొక్కి, మళ్లీ ఊదమన్నాను.

ఇల్లంతా మోగేలా కూసింది.

వాడు మీటరు వంక చూశాడు. నా వేలి వంక చూశాడు. మీటరు జేబుకు తగిలించుకుని వెళ్లాడు. రోజూ గుమ్మం దాటుతూ "వత్తాను బావా" అనేవాడు. ఆ రోజు అనలేదు.