గడప తడిసిన బొమ్మ

కూసో బిడ్డా, సక్కగ కూసోని ఇను. గా ఫోను పక్కకు పెట్టి కలం పట్టు. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలె, నీ కాలేజీ మాటలు నడుమ కలపకు. ఇందాక ఒక బొమ్మ చూపిచ్చినవ్ గద, చెచెన్యా పెయింటర్ ఎవలో ఈ మధ్యనే గీసిండంటివి. ఆడోళ్ళు రొట్టెలు చేస్తున్నరు, బల్ల కాడ ఒక కుర్చీ ఖాళీ, ఎనుక తలుపు తెరిచి ఉన్నది. "ఖాళీ కుర్చీ అంటే పోయినోడు అమ్మమ్మా, మా సారు చెప్పిండు" అన్నవ్. మీ సారు మాట నిజమో కాదో నాకేం ఎర్క? గా దేశం ఏ దిక్కున్నదో గూడ నాకు తెల్వది. కని అసొంటి బొమ్మ ఒకటి నా చేతుల మీదికెళ్ళి పోయింది. గది చెప్త.

డెబ్బై నాలుగు, ఎండకాలం. జనగామల స్టేషన్ రోడ్డు మీద మాకు ఫ్రేములు కట్టే దుకాణం. మీ తాత బీడింగ్ కోసేటోడు. బీడింగ్ అంటే ఫ్రేముకు ఏసే కట్టె పట్టీ. అద్దం కోసుడు, మౌంట్ పెట్టుడు నా పని. మౌంట్ అంటే బొమ్మకు అద్దానికి నడుమ పెట్టే దళసరి అట్ట. అది లేకపోతే అద్దం బొమ్మకు తాకి చెమ్మ పడ్తది, రంగు పాడైతది. నేను అద్దం కోసేటప్పుడే మీ తాతకు ముచ్చట్లు యాదికొస్తుండె. పలిగితే మాత్రం నన్నే తిట్టేటోడు.

మా దుకాణంల ఒక రివాజుండె. దేవుళ్ళకు, బతికున్నోళ్ళకు బంగారు రంగు బీడింగ్. పోయినోళ్ళకు నల్లది, అద్దం మీద బొట్టు. గిరాకి నల్లది కావాలన్నడంటే ఇగ మేం ఏం అడగకపోయేది.

ఒకనాడు మాపటికి ముందు కొడకండ్ల దిక్కుకెళ్ళి ముగ్గురు వచ్చిన్రు. తల్లి నర్సమ్మ, పెద్దకొడుకు రాంరెడ్డి, చిన్నకోడలు సుగుణ. సుగుణకు ముఖం మీద పెద్ద బొట్టు, అంతకుమించి ఏ సింగారం లేదు. రాంరెడ్డి తువ్వాలల చుట్టిన బొమ్మ బల్ల మీద పరిచిండు.

"నల్ల బీడింగ్ ఎయ్యి చెల్లె. వచ్చే అమాసకు తమ్ముని దినాలు చేస్తున్నం."

"మరి తమ్ముని ఫొటో ఏది అన్నా?"

"వాని ఫొటో ఒక్కటి గూడ లేదు. గిదే."

తమ్ముడు శంకర్ అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంల జులూస్‌కు పోయి మల్ల ఇంటికి రాలే. చచ్చిండని చెప్పినోళ్ళు లేరు, చూసినమని చెప్పినోళ్ళు లేరు. "అమ్మ ముద్ద మింగుతలేదు చెల్లె. ఏదో ఒకటి తేలాలె గద" అన్నడు రాంరెడ్డి. ఆయన చెడ్డోడు కాదు. కని దినాలు చేస్తే సుగుణ బొట్టు తీస్తరు. నల్ల బీడింగ్ గోడకెక్కిందంటే అయిపాయె.

బొమ్మ చూసిన. వాళ్ళ ఊరి బడికి కొత్తగ వచ్చిన డ్రాయింగ్ మాస్టర్ నర్సమ్మ ఇంటి వాకిట్ల కూసోని వాటర్ కలర్‌తోని గీసిండట. అచ్చం ఉన్నదున్నట్టు. నర్సమ్మ చాటల బియ్యం ఏరుతుంది. సుగుణ ముంగట ఖాళీ పీట, మూత పెట్టిన పళ్ళెం. గూట్ల దీపం ముట్టియ్యలే.

"పీట ఖాళీ, దీపం లేదు. మాస్టర్ గూడ వాడు పోయిండనే గీసిండు" అన్నడు రాంరెడ్డి.

నేను టేపు పెట్టి అంచులు కొలుస్తున్న. మా పనిల బొమ్మ నడుమను ఎవలు చూడరు బిడ్డా, అంచులే చూస్తం. బొమ్మ కింది అంచుకు గడప ఉన్నది. గడప పక్కన చెంబు ఒరిగి ఉన్నది. నేల తడి. చెప్పుల జత, మొనలు ఇంటి దిక్కు. గడప మీద తడి పాదం అచ్చు ఒకటి, లోపలికి పోతున్నట్టు. వాకిట్ల కుక్క ఇద్దరు ఆడోళ్ళను చూస్తలేదు. చీకటి తలుపు లోపలికి చూసుకుంట తోక ఆడిస్తుంది.

నా చెయ్యి ఆగింది. మన దిక్కు బయటికెళ్ళి వచ్చినోళ్ళకు చెంబు ఇస్తం, కాళ్ళు కడుక్కోని గడప దాటుతరు. పోయేటోళ్ళకు ఎవలన్న ఇస్తరా?

"అన్నా, గీ బొమ్మల ఎవలో ఇంట్లకు వచ్చిన్రు" అన్న.

రాంరెడ్డి నవ్విండు. "బొమ్మ కాళ్ళు కడుగుతదా చెల్లె?"

అప్పుడు నోరు ఇప్పింది సుగుణ. "నేను రోజు పొద్దుగూకంగ గడప కాడ నీళ్ళ చెంబు పెడ్త బావా. తెల్లారి చూస్తే ఒరిగి ఉంటది."

"పిల్లి ఒరగబెడ్తది."

"పిల్లి చెప్పులు ఇడుస్తదా?"

నర్సమ్మ బొమ్మ మీదికి ఒంగింది. కండ్లు సరిగ కనబడయి, ముక్కు తాకేటంత దగ్గరికి పోయింది. కుడి చెప్పు మీద ఏలు పెట్టింది. "రామా, ఇగో ఎర్ర పట్టీ. తెగితే నేనే కుట్టిన. గివి ఏసుకోనే పోయిండు గదరా!"

మీ తాత రంపం ఎత్తి పట్టుకోని అట్లనే నిలబడ్డడు. గా మాస్టర్ నిరుడే ఊరికి వచ్చినోడు, శంకర్‌ను కండ్లతోని చూడలే. "ఎదురుంగ లేనిది నేను గీయ" అని నర్సమ్మకు ముందే చెప్పిండట. గా చెప్పులు ఎదురుంగ ఎట్లున్నయి బిడ్డా? బొమ్మ గీసినన్ని దినాలు వాకిట్ల చెప్పులు లేవని అత్తాకోడండ్లు ఇద్దరు ఒట్టేసిన్రు.

రాంరెడ్డి తువ్వాలతోని మెడ తుడుసుకున్నడు. ఇగ అన్నడు, "బంగారుదే ఎయ్యి చెల్లె."

దినాలు ఆగిపోయినయి. సుగుణ బొట్టు సుగుణ ముఖం మీదనే ఉన్నది. శంకర్ మాత్రం రాలే. అంటే, మనుషులు చూసేటట్టు రాలే.

నేను మంచిగ మౌంట్ పెట్టి, ఎనుక కాయితం అంటించి కట్టిన. గాలి దూరే సందు లేదు. అయినా ఎనభైలల్ల ఒక ఎండకాలం సుగుణ మల్ల పట్టుకొచ్చింది. అద్దం లోపలికెళ్ళి కింద చెమ్మ పట్టింది, సరిగ్గ గడప ఉన్న కాడనే. మిగిలిన బొమ్మంత పొడి. ఇప్పి ఆరబెట్టి మల్ల కట్టిన. ఏడాది తిరగకముందే మల్ల తెచ్చింది.

"ఏం చెయ్యమంటవ్ అక్కా?" అన్నది.

"నా చేతుల ఏం లేదు పిల్లా. నువ్వు చెంబు పెట్టుడు మాత్రం బంద్ చెయ్యకు" అన్న.

"బంద్ చేస్తనా!" అని నవ్వింది. నెత్తి అప్పటికే సగం తెల్లగైంది. బొట్టు మాత్రం ఎర్రగ అట్లనే.

గా బొమ్మకెళ్ళి నేను నేర్చుకున్నది గిదొక్కటే, రాసుకో. ఖాళీ పీట చూసి మనిషి పోయిండని చెప్పకు. అంచులు చూడు, గడప చూడు, కుక్క ఉంటే అది ఎటు చూస్తుందో చూడు. ఏదీ, నీ చెచెన్యా బొమ్మ మల్ల తియ్యి. పెద్దగ చెయ్యి. ఇంకింత. గా తెరిచిన తలుపు కింద, నేల మీద నల్లగ ఉన్నదే, అది నీడనా, లేకపోతే...

"అమ్మా! అన్నం సల్లగైతంది, లేచి రా!"

వస్తున్ననే, నీ బిడ్డకు చెప్తున్న గద... నువ్వు ఫోను మూయకు బిడ్డా, గా నేల దిక్కే చూసుకుంట ఉండు, నేను పోయి రెండు ముద్దలు తిని వస్త.