సుగుణమ్మ సిస్టర్‌కు పెట్టిన ముద్ద

పక్కింట్లో వెల్లుల్లి వేసి నువ్వులనూనె కాచినప్పుడల్లా నా కుడి మోచేయి ఉలిక్కిపడుతుంది. ఈ ఉదయం కూడా అంతే. ఆ వాసన తగలగానే, జమ్మలమడుగు ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని వాసన చూసి ముఖం చిట్లించిన సుగుణమ్మ సిస్టర్ గుర్తొచ్చింది. ఆమెది పులివెందుల దగ్గరి లింగాల. విరిగి బిగుసుకుపోయిన కాళ్ళకూ చేతులకూ కసరత్తు చేయించడం ఆమె పని. మనిషి పొట్టి, గొంతు మాత్రం వరండా చివరిదాకా వినిపించేది.

అప్పుడు నేను ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతున్నాను. ఎలక్షన్ల రోజులు. బజారులో రెండు పార్టీలవాళ్ళు బాంబులు వేసుకుంటే జనం పరుగెత్తారు. ఆ తొక్కిడిలో మోచేతి మీద పడ్డాను. ఎముక ముక్కలైంది. జమ్మలమడుగు డాక్టరుగారు ఆపరేషన్ చేసి, ప్లేట్లూ స్క్రూలూ వేసి, "ఎముకను నేను కూర్చినా. వంచేది సిస్టర్ పని. రోజూ రావాల" అని చెప్పి పంపారు. ఆ చివరి మాట మా అమ్మ చెవికెక్కలేదు. కదిలిస్తే నేను అరుస్తానని చేతిని గుడ్డతో మెడకు కట్టేసింది. ఎవరో చెప్పారని వేడి నూనెతో పిసికించింది. ఎడమ చేత్తో తిననిస్తుందా? మూడు పూటలా తనే కలిపి నోట్లో పెట్టేది. కొన్నాళ్ళకు చెయ్యి వాచి, కొయ్యలా బిగుసుకుపోయింది. ఇక బతికినంతకాలం ఎవరో ఒకరు తినిపించాల్సిందేనా అని నాకు భయం పట్టుకుంది.

మళ్ళీ పోతే సిస్టర్ అమ్మ మీద విరుచుకుపడింది. "నూనె ఎవురు పూయమన్నారక్కా? మోచేతిని పిసికితే ఇంగా బిగుసుకుంటాది. ఈ పొద్దు నుంచి నువ్వు తినిపించగూడదు."

"చెయ్యి నోటికి అందదమ్మా. బిడ్డ ఆకలికి తట్టుకోలేదు."

"నువ్వు పెడతాంటే, ఆ చేతికి వంగే పనేముంది?"

అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సిస్టర్ మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పటినుంచి రోజూ అమ్మతో బస్సెక్కి పోవడమే. సిస్టర్ మెల్లగా నా చెయ్యి వంచి, చాపి, మధ్యాహ్నం తన క్యారియర్ విప్పి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేది. సంగటి ముద్ద పట్టుకున్న చెయ్యి నోటికి జానెడు దూరంలో ఆగిపోయేది. నేను తల వంచి అందుకోబోతే గడ్డం పట్టి పైకెత్తేది. "నోరు పోగూడదు పాపా. చెయ్యే రావాల." నేను ఏడుస్తుంటే ఆమె నింపాదిగా పప్పు నంజుకుంటూ, "ఏడువు, ఏడువు. ఉప్పు తక్కువైంది సంగట్లో" అనేది. ఆ ఏడుపులోనే నవ్వొచ్చేది.

ఒకరోజు ఒక పార్టీవాళ్ళు కెమెరాతో వచ్చారు. అవతలివాళ్ళ దౌర్జన్యానికి నా చెయ్యి సాక్ష్యమట. "జీపెక్కి చెయ్యి పైకెత్తి చూపించు పాపా, సాలు" అన్నాడొకాయన. భయంతో తల వంచుకుని లేవబోయాను. సిస్టర్ అడ్డం నిలబడింది. "ఆ చేతిని నోటికాడికి తెచ్చేదానికే నేను సస్తాండా. నువ్వు జీపు మీద ఎత్తమంటాండావేందప్పా? పోండి, అన్నం తినే పొద్దు!" అలాంటివాళ్ళకు ఎదురు చెప్పే రోజులు కావవి. వాళ్ళు వెళ్ళాక ఆమె వరండా చివరిదాకా పోయి, జీపు మలుపు తిరిగిందాకా చూసింది. వచ్చి మళ్ళీ నా గడ్డం పైకెత్తింది.

చివరికి ఒక మధ్యాహ్నం ముద్ద నోటికి అందింది. తల వంచలేదు. అమ్మ గట్టిగా ఏడ్చేసింది. నాకూ ఆగలేదు. సిస్టర్ మాత్రం, "సగం పనే అయింది" అని బల్లకు అవతల నిలబడి నోరు తెరిచింది. "వంగితే నీ కడుపు నిండుతాది. చాపితేనే ఇంకొకరికి పెట్టేది. నాకు ఆకలైతాంది, పెట్టు."

ఎలాగో చాపి ఆమె నోట్లో ముద్ద పెట్టాను. మర్నాడు ఇంకాస్త వెనక్కి జరిగి నిలబడింది. ఆ తర్వాత ఇంకాస్త. అంత పెద్దమనిషి పిట్టపిల్లలా నోరు తెరిచి నిలబడితే వరండా అంతా నవ్వేవారు. చెయ్యి చాపలేక నేను బల్ల చుట్టూ తిరిగి వెళ్ళబోతే, "యాడికి పోతాండావు? నిలబడి చాపు!" అని అరిచేది.

సిస్టర్ ఇప్పుడు లేదు. నా చెయ్యి ఈనాటికీ పూర్తిగా సాగదు, కొంచెం వంపు మిగిలిపోయింది. ఎవరికైనా ముద్ద పెట్టాల్సి వస్తే ఒక అడుగు ముందుకు వేయబోతాను. వేయబోయి, ఆగి, నిలబడ్డచోటినుంచే ఆ చేతిని ఇంకాస్త చాపుతాను.