పలకరించడానికి వచ్చినవాళ్ళు కూర్చోకూడదు

మొన్న చిత్తూరు బస్టాండు పక్కన టీ కొట్లో కూర్చుని ఉంటే, ఎవరో ప్లాస్టిక్ కుర్చీని సిమెంటు నేల మీద బరబరా ఈడ్చారు. ఆ చప్పుడుకు నా మోకాళ్ళు నన్నొక మాటైనా అడక్కుండా లేచి నిలబడ్డాయి. చేతిలోని టీ సగం నా మీదా, సగం ఎదుటి పెద్దమనిషి పంచె మీదా పడింది. ఆయన చూసిన చూపుకు ఒలికిన టీ మళ్ళీ కాగింది. "ఏమనుకోవద్దు సార్, మా మేడం వచ్చినారేమో అనుకున్నా" అన్నాను. ఆయన బెంచీ చివరికి జరిగిపోయారు.

మా మేడం పేరు వసుంధర. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో కేన్సర్ రోగుల చేత వ్యాయామం చేయించడం ఆమె ఉద్యోగం. చదువు అయినప్పటి నుంచి తల నెరిసేదాకా ఆమె చేసిన పని అదొక్కటే. మనిషి నా భుజం దాకా కూడా రారు. గొంతు మాత్రం అలిపిరిలో మాట్లాడితే కొండ మీద క్యూలో ఉన్నవాళ్ళు సర్దుకుని నిలబడేటంతది. వార్డులోకి వచ్చి కుర్చీ ఈడ్చి, "లేయండప్పా. కూర్చోండి. మళ్ళా లేయండి" అన్నారంటే సెలైన్ సీసాలు కూడా వరసలో నిలబడేవి.

నాకు లింఫు గ్రంథుల్లో కేన్సర్ అని తేలిన ఏడాది సంగతి ఇది. మా వైపు ఒక మనిషికి పెద్ద జబ్బు వస్తే చుట్టాలందరూ పలకరించడానికి వస్తారు. రాకపోతే తప్పు. వచ్చినవాళ్ళకు రోగి పడుకుని కనబడాలి. కనబడకపోతే ఇంకా పెద్ద తప్పు. నేను ఆ మర్యాదను తు.చ. తప్పకుండా పాటించాను. చంద్రగిరి కోటలో రాజులకు కూడా జరగనంత కొలువు నా మంచం చుట్టూ జరిగింది. తెచ్చిన ఆపిల్ పండ్లు కిటికీ ఎత్తున పేరుకుని ఇంట్లోకి ఎండ రావడం మానేసింది. మా ఆవిడ సరళ నన్ను నీళ్ళ గ్లాసైనా ఎత్తనివ్వలేదు. ఇంకో వారమైతే నా బదులు ఆవలింతలు కూడా తనే తీసేది.

ఇంత రాజభోగం అనుభవించి, మూడోసారి మందు ఎక్కించుకోవడానికి చక్రాల కుర్చీలో వెళ్ళాను. డాక్టరు నా కాళ్ళు నొక్కి చూసి సరళతో అన్నాడు: "జబ్బు తగ్గుతా ఉందమ్మా. ఈయనే తట్టుకునేటట్టు లేరు. వచ్చేసారి కూడా ఇట్లాగే తీసుకొస్తే మందు ఆపాల్సి వస్తుంది." సరళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంత గొప్ప చావు కబురుకైనా ఒక జోకు సిద్ధంగా ఉంచుకునే నేను ఆ పూట చక్రాల కుర్చీ బ్రేకు వేస్తూ తీస్తూ కూర్చున్నాను.

డాక్టరు చెప్పగా, రెండు రోజులకు వసుంధర మేడం మా ఇంటికే వచ్చారు. అప్పటికే మా మేనమామ మునస్వామి వడమాలపేట నుంచి దిగి, నా కాళ్ళ దగ్గర కూర్చుని, ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, రెండో చేత్తో మా ఇంటి చెనక్కాయలు వలుచుకుంటున్నాడు.

"ఎవురప్పా నువ్వు?" అన్నారు మేడం.

"మేనమామనమ్మా. పలకరించి పోదామని వచ్చినా."

"పలకరించు. దానికి కూర్చునేది ఎందుకు? మీ అల్లుణ్ణి లేపు. వీధి చివరిదాకా నడస్తా పలకరించు."

మామ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "మనిషి పండుకోనుంటేనే గదమ్మా పలకరించేది? తిరగతా ఉండేవోణ్ణి ఏమని అడిగేది?"

"మామిడికాయల ధర అడుగు."

ఆ రోజుతో మా ఇంట్లో చుట్టాలకు కుర్చీలు రద్దయ్యాయి. ఎవరు వచ్చినా నాతో వీధిలో నడుస్తూనే మాట్లాడాలి. వాళ్ళు అడిగినదానికి నేను జవాబు చెప్పగలిగితే నడక సరిగ్గా ఉన్నట్టు. మాట తెగితే నిదానించాలి. పాట పాడే ఓపిక ఉంటే కొంచెం పెంచాలి. ఇదీ మేడం లెక్క. రక్తం రిపోర్టు చూడకుండా మాత్రం అడుగు వేయనిచ్చేవారు కాదు. జ్వరం వచ్చిన రోజు నేను హుషారుగా చెప్పులేసుకుంటే, కొండంత గొంతుతో మళ్ళీ మంచమెక్కించారు.

చుట్టాల్లో సగం మందికి రాత్రికి రాత్రే మోకాళ్ళ నొప్పులు పుట్టుకొచ్చాయి. ఆపిల్ రాశి తరిగి ఇంట్లోకి సూర్యుడు వచ్చాడు. మునస్వామి మామ ఒక్కడే రోజూ బస్సెక్కి వచ్చి, నా మీద చిన్న మేడంలాగా తయారయ్యాడు. "ఏమిరా అల్లుడా, మాట తెగింది. నిదానంగా పో. ఈడ నిన్ను తరిమేది ఎవురూ లేరు" అనేవాడు, నాకంటే ఎక్కువ ఆయాసపడుతూ.

నాలుగోసారి మందు రోజు రానే వచ్చింది. ఆసుపత్రి గేటు నుంచి డాక్టరు గది దాకా ఏటవాలు దారి. ఆ రోజు దాని పొడవు శేషాచలం కొండలన్నీ చాపగా పరిచినంత. వెనకాల సరళ, ఎందుకైనా మంచిదని, ఖాళీ చక్రాల కుర్చీ తోసుకొస్తోంది. నాకు ఒక్క అడుగు వెనక మేడం. సగం దారిలో నా తొడలు వణకడం మొదలుపెట్టాయి. ఇది ఎక్కలేకపోతే లోపల డాక్టరు ఏమంటాడో మా ముగ్గురికీ తెలుసు.

"చెయ్యి పట్టుకోండి మేడం" అన్నాను.

"పడితే పట్టుకునేదానికే ఉండా. పడకముందే పట్టుకునేదానికి కాదు. మాట్లాడు."

"నా వల్ల కావడంలేదు. మీరే మాట్లాడండి."

మేడం నేనెన్నడూ వినని చిన్న గొంతుతో అన్నారు: "మా నాయనకూ ఈ జబ్బేనప్పా. అందరం కలిసి ఆయన్ని మంచం దిగనీలా. అంత ప్రేమ మాకు. కడాకు ఒగనాడు, వాకిట్లో నిలబడి వీధి చూస్తానమ్మా అన్న్యాడు. లేపినాం. కాళ్ళు నిలవలా. జబ్బుకు అప్పుడు మందు లేదు, సరే. ఆ వాకిలిని ఆయనకు దూరం చేసింది మేమే గదా. దానికే నేను ఈ చదువు చదివింది."

జవాబు చెప్పబోయేసరికి డాక్టరు గది తలుపు నా ముక్కుకు తగిలింది. డాక్టరు నన్నూ, ఖాళీ కుర్చీనీ మార్చి మార్చి చూసి, "సరే, మందు ఎక్కిద్దాం" అన్నాడు. సంతోషం చెప్పుకుందామని వెనక్కి తిరిగితే మేడం లేరు. వార్డులో ఎక్కడో కుర్చీ ఈడుస్తున్నారు.

ఆమె రిటైరై చాలా కాలమైంది. నేను ఇప్పటికీ సాయంత్రాలు అలిపిరి రోడ్డు ఎత్తు ఎక్కుతుంటాను. ఆయాసం వచ్చే చోట, ఒక్క అడుగు వెనకాల ఎవరో వస్తున్నట్టు ఉంటుంది. తిరిగి చూడను. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఏదో ఒకటి పైకే చెప్పుకుంటూ నడుస్తాను. ఎదురొచ్చేవాళ్ళు నేను ఫోనులో మాట్లాడుతున్నాననుకుని దారి ఇస్తారు.