జూలైలోనా, జనవరిలోనా

కాత్యాయని పుట్టింది చింతామణి దగ్గర. పెళ్ళయి బెంగళూరులోని బొమ్మనహళ్ళికి వచ్చాక ఇక్కడే స్థిరపడిపోయింది కాబట్టి ఎవరైనా సొంతూరు అడిగితే ఇప్పుడు బొమ్మనహళ్ళి అనే చెబుతుంది. హోసూరు రోడ్డు వెనక సందులో ఉన్న ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఆమె చెకింగ్‌లో పనిచేసేది. లైన్‌లో కుట్టి పంపిన చొక్కాను లైటు కింద తిరగేసి చూడటం, కుట్టు తప్పి ఉంటే వెనక్కి పంపటం ఆమె పని. కూతురు చైత్ర చిన్నపిల్లగా ఉన్నప్పుడు దూరవిద్యలో బి.ఏ. పూర్తిచేసింది. ఆ డిగ్రీతో ఏం చెయ్యాలో ఆమెకూ తెలియలేదు, బళేపేటలో హార్డ్‌వేర్ దుకాణంలో పనిచేసే భర్త హేమంత్‌కుమార్‌కూ తెలియలేదు. సర్టిఫికెట్టు బీరువాలో పెట్టి తన పనికి తాను పోతూ వచ్చింది.

లా చదవాలన్న ఆలోచన లక్ష్మమ్మ వల్ల వచ్చింది. లక్ష్మమ్మ అదే ఫ్యాక్టరీలో టైలరు. ఒక మధ్యాహ్నం, కొడుక్కి జ్వరం ఎక్కువగా ఉంది, వచ్చి తీసుకుపొమ్మని స్కూలు నుంచి ఫోను వచ్చింది. సూపర్‌వైజర్ నరేశ్ పంపనన్నాడు. ఆమె మిషను ఆపి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు. చెప్పిన మాట వినలేదని, లైను ఆగిపోయిందని ఆమెను సస్పెండ్ చేసి ఎంక్వైరీ పెట్టారు. అలాంటి ఎంక్వైరీకి లాయరును తెచ్చుకోనివ్వరు. సాయానికి తోటి పనివాళ్ళలో ఒకరిని మాత్రం కూర్చోబెట్టుకోవచ్చు. లక్ష్మమ్మ తన లైన్‌లో అందరినీ అడిగింది. ఎవరికి వాళ్ళకి భయం. చివరికి ఇంగ్లీషులో వచ్చిన నోటీసు చదివిపెట్టిన కాత్యాయని దగ్గరికే మళ్ళీ వచ్చింది.

"నువ్వు పక్కన కూసుంటే చాలు. మాట్లాడకపోయినా పర్వాలేదు" అంది.

కాత్యాయని మాట్లాడింది. అయినా అదేమీ పెద్ద వాదన కాదు. నరేశ్‌ను రెండు ప్రశ్నలు అడిగింది, అంతే.

"నువ్వు పోవద్దంటివి సరే. మరి ఎవురిని అడగమని చెప్తివి?"

"హెచ్.ఆర్.ను అడగమన్యా."

"ఆ పొద్దు హెచ్.ఆర్. ఆఫీసులో ఉండారా?"

నరేశ్ తల గోక్కుంటూ "లేరు. మీటింగ్‌కు పోయింటిరి" అన్నాడు.

ఎంక్వైరీ జరిపింది ఫ్యాక్టరీవాళ్ళు బయటి నుంచి పిలిపించిన పద్మనాభం అనే లాయరు. అనంతపురం నుంచి వచ్చి చాలాకాలంగా బెంగళూరులోనే ప్రాక్టీసు చేస్తున్నాడు. అంతా ముగిశాక బ్యాగు సర్దుకుంటూ కాత్యాయనిని అడిగాడు.

"మీరు లా చదివినారా అమ్మా?"

"లేదు సార్. చెకింగ్‌లో ఉండా."

"డిగ్రీ ఉందా?"

"ఉండాది సార్. బి.ఏ."

"ఇంకేం మరి! మూడేళ్ళ కోర్సు చదవొచ్చు. ఎంట్రన్స్ రాయండి. వయసుతో ఏం పని లేదు."

ఆయన మర్యాదకు అని ఉంటాడు. సాయంత్రానికి మర్చిపోయి కూడా ఉంటాడు. లక్ష్మమ్మను హెచ్చరికతో సరిపెట్టి పనిలోకి తీసుకున్నారు, సస్పెన్షన్‌లో ఉన్నన్నాళ్ళ జీతం మాత్రం ఇవ్వలేదు. కాత్యాయనికి ఆ గెలుపు అరకొరగానే అనిపించింది. ఇంకేం అడిగి ఉంటే ఆ జీతం కూడా వచ్చేదో అని చాలా రోజులు ఆలోచించింది. ఆ ఆలోచనే ఆమెను పద్మనాభం చెప్పిన మాట దగ్గరికి తెచ్చింది.

అది జూలై నెల. నగరానికి అవతలి చివరనున్న లా యూనివర్సిటీలో మూడేళ్ళ కోర్సుకు ప్రవేశ పరీక్ష ఏప్రిల్‌లో ఉంటుందని తెలుసుకుంది. పరీక్ష రాయాలా వద్దా అన్నది ఇంట్లో పెద్ద చర్చ కాలేదు. రాస్తే పోయేదేముందని అందరూ అన్నారు. చదవటం ఎప్పుడు మొదలుపెట్టాలన్న దగ్గరే ఎవరి మాట వాళ్ళదైంది.

"చైత్రకు ఈ ఏడు టెన్త్" అన్నాడు హేమంత్‌కుమార్. "మార్చిలో దాని పరీక్షలు అయిపోనీ. ఆమీద నువ్వు కూసో."

"నా పరీక్ష ఏప్రిల్లోనే కదప్పా. మార్చి అయినాక ఏం మిగులుతాది?"

"అట్లయితే వచ్చే ఏడు రాయి. పరీక్ష యాడికన్నా పారిపోతాదా?"

అత్త భాగీరథమ్మ ఇంకో మాట చెప్పింది. "ఇప్పట్నించే చదివితే ఏప్రిల్ వచ్చేలోపల అంతా మర్సిపోతావు. సుమ్మనే కండ్లు చెడగొట్టుకోవాకు."

వాళ్ళ ఇంటి పైభాగంలో కిరణ్మయి అద్దెకుండేది. ఒంగోలు అమ్మాయి, సాఫ్ట్‌వేర్ టెస్టరు. వారంలో మూడు రోజులు వైట్‌ఫీల్డ్ ఆఫీసుకు పోయేది, మిగతా రోజులు పైనుంచి ఆమె కాల్స్ మాట్లాడటం కిందికి వినిపిస్తూ ఉండేది. ఆ ఉద్యోగం మీద ఆమెకు విసుగు పుట్టి చాన్నాళ్ళయింది. కాత్యాయని సంగతి చెప్పగానే ఎగిరి గంతేసింది.

"అక్కా, నేనూ అదే ఎగ్జామ్ రాద్దామనుకుంటున్నా! డిసెంబర్‌లో మా ప్రాజెక్ట్ రిలీజ్ అయిపోతుంది. జనవరిలో స్టార్ట్ చేద్దాం, ఇద్దరం కలిసి. సిలబస్ అంటూ పెద్దగా ఏముండదు. కాంప్రహెన్షన్, కరెంట్ అఫైర్స్, రీజనింగ్. త్రీ మంత్స్ ఈజ్ మోర్ దేన్ ఎనఫ్."

తెలిసిన పిల్ల చెప్పింది కదా అని కాత్యాయని సరేనంది. జనవరి అంటే అందరికీ అనుకూలంగానే ఉంది. షిప్‌మెంట్ల రద్దీ తగ్గుతుంది, దసరా, దీపావళి పనులు కూడా అయిపోతాయి.

అయినా ఆమెకు ఎక్కడో నమ్మకం కుదరలేదు. ఒక ఆదివారం పైకి వెళ్ళి, పాత ప్రశ్నపత్రం ఒకటి ప్రింటు తీసిమ్మని కిరణ్మయిని అడిగింది. వంట ముగించి, చైత్ర టేబులు ఖాళీ చేయించి, ఫోనులో టైము పెట్టుకుని కూర్చుంది. ఏమీ చదవకుండానే రాసి చూద్దామని.

పెద్ద పెద్ద పేరాలు. ఒకటి నదుల గురించి, ఒకటి బ్యాంకుల గురించి. చదివితే అర్థం కాకుండా పోలేదు. అయితే ప్రతి వాక్యాన్నీ పెదవులు కదుపుతూ చదివి, మనసులో తెలుగు చేసుకుని, మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసుకుంటే గాని జవాబు దొరకటం లేదు. ఫోను మోగేసరికి పేపరు సగం కూడా కాలేదు. చివర్లో సొంతంగా రాయాల్సిన జవాబుల్లో ఒకదానికి నాలుగు వాక్యాలు రాసింది, మిగతావి ఖాళీ. రాసినవాటిలో మాత్రం చాలా వరకు సరిగ్గా ఉన్నాయి.

సాయంత్రం హేమంత్‌కుమార్ టీ తాగుతుండగా ఆమె చెప్పింది. "నాకు జనవరి చాలదప్పా. నాకు తెలివి లేక కాదు, వేగం లేదు. వేగం మూడు నెలల్లో రాదు."

"కిరణ్మయి చాలంటాండాది కదా?"

"ఆ యమ్మికి చాలు. నాకు చాలదు. రేపట్నించే మొదలుపెడ్తా."

అతను గ్లాసు పక్కన పెట్టి లేచిపోయాడు. ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు.

పొద్దున్నే మోటరు వేసి నీళ్ళు నింపే పనికి ముందు ఒక గంట ఆమెకు దొరికేది. ఇంగ్లీషు పేపర్లో సంపాదకీయం పైకి చదివేది. మొదట్లో ఒక్కటి ముగించటానికే గంటంతా పట్టేది. చైత్ర కూడా అదే వేళకు లేచేది.

"అమ్మా, నువ్వు గట్టిగా చదివితే నా లెక్కలు తప్పుతాండాయి."

దాంతో కాత్యాయని మేడమెట్ల మీదికి మారింది. ఫ్యాక్టరీలో సంగతి పాకిపోయి, భోజనాల దగ్గర తోటివాళ్ళు "లాయరమ్మా, ఇట్ల కూసో" అని ఆట పట్టించేవాళ్ళు. నరేశ్ మాత్రం ఆమెతో మాట తగ్గించాడు.

దసరాకు ముందు పెద్ద ఆర్డరు వచ్చి పడింది. రోజూ ఓవర్‌టైము. ఇంటికి వచ్చేసరికి కాళ్ళు వాచిపోయేవి. పొద్దున లేవలేక మొదట ఒక రోజు మానేసింది, తర్వాత ఒక వారం, చివరికి దీపావళి దాటేదాకా పేపరే ముట్టుకోలేదు. ఎలాగూ ఆగిపోయింది కదా, జనవరిలోనే చూసుకుందామని ఆమెకూ అనిపించింది. అత్త చెప్పిందే నిజమైందేమో అనుకుంది. ఒక రోజు బస్సులో పక్కన కూర్చున్నావిడ చేతిలో ఇంగ్లీషు పేపరు కనిపిస్తే, వంగి చూస్తూ ఒక వార్త మొత్తం చదివేసింది. చదివాక గాని గమనించలేదు, పెదవులు కదలలేదని. మర్నాడు మళ్ళీ మెట్ల మీద కూర్చుంది.

జనవరిలో కిరణ్మయి అన్నమాట ప్రకారం మొదలుపెట్టింది. ఆదివారాలు ఇద్దరూ కలిసి పాత పేపర్లు రాసేవాళ్ళు. కాత్యాయని ఇప్పుడు మొదటి భాగం టైముకు ముగించగలుగుతోంది. రాయాల్సిన భాగం దగ్గర మాత్రం చెయ్యి సాగేది కాదు. చెప్పాల్సింది తెలుసు, దానికి ఇంగ్లీషు వాక్యం అంత త్వరగా దొరకదు.

మార్చిలో చైత్ర పరీక్షలు అయ్యాయి. ఏప్రిల్‌లో వీళ్ళ పరీక్ష. సెంటరు దగ్గర గేటు తెరవగానే అందరితో పాటు లోపలికి పోబోతుంటే సెక్యూరిటీ ఆమెను చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"పేరెంట్స్ ఆచె వెయిట్ మాడి, మేడమ్" అని బయటే ఉండమన్నాడు.

కాత్యాయని హాల్ టికెట్టు చూపించింది. అతను ఫోటోను, ఆమెను రెండుసార్లు చూసి, నాలుక కరుచుకుని పక్కకు తప్పుకున్నాడు. క్యూలో ఉన్న పిల్లలు నవ్వారు. ఆమెకూ నవ్వొచ్చింది.

ఫలితాలు వచ్చాయి. కిరణ్మయికి సీటు వచ్చింది. కాత్యాయనికి రాలేదు.

"జూలై నించి చదివిందానికి రాలా, జనవరి నించి చదివిందానికి వచ్చె" అంది భాగీరథమ్మ. ఎగతాళి చెయ్యాలని కాదు, ఆశ్చర్యం కొద్దీ అంది. కాత్యాయని టిఫిను డబ్బా తీసుకుని డ్యూటీకి పోయింది. ఆ రోజు ఒక్క చొక్కా కూడా సరిగ్గా చూడలేకపోయింది. తర్వాత చాలా రోజులు పైకి వెళ్ళలేదు. మెట్ల మీద కిరణ్మయి చెప్పుల చప్పుడు వినిపిస్తే వంటింట్లోకి తప్పుకునేది.

చివరికి కిరణ్మయే కిందికి వచ్చింది. వంటింటి గడప దగ్గర నిలబడింది.

"అక్కా, నా మీద కోపమా?"

"నీ మీద ఎందుకుంటాది? నా మీద నాకే బేజారు."

కిరణ్మయి కింద కూర్చుండిపోయింది. "త్రీ మంత్స్ చాలని నీకు చెప్పాను చూడు, అది తప్పక్కా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. రోజంతా ఇంగ్లీష్‌లోనే మెయిల్స్ రాస్తా. నేను జనవరిలో స్టార్ట్ చేసినట్టా? నా సంగతి చూసుకుని నీకు డేట్ చెప్పేశా."

కాత్యాయని ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది. "అట్లయితే నేను మళ్ళా ఎప్పుడు మొదలుపెట్టాల?" అంది.

"నేను చెప్పను బాబూ. నీ మార్కులు తీసుకురా, చూద్దాం."

ఇద్దరూ నేల మీదే కూర్చుని చూశారు. మొదటి భాగంలో కాత్యాయనికి, కిరణ్మయికి పెద్ద తేడా లేదు. రాతలోనే మొత్తం పోయింది. తొమ్మిది నెలలూ ఆమె చదివింది, రాయలేదు. పాత పేపర్లు చేసిన ఆదివారాలు తప్ప చేత్తో ఒక పేజీ రాసిన రోజు లేదు. ఆ సంగతి తెలియగానే ఆమె ముఖం తేటపడింది. మొత్తం మళ్ళీ మొదటికి రావాలేమో అని భయపడింది గాని, అంత లేదు.

ఆ సాయంత్రం హేమంత్‌కుమారే అడిగాడు. "ఈసారి ఎప్పట్నించి?"

"స్కూళ్ళు తెరిచినాక. అందాక ఊరికే ఉంటా."

"సరే. దసరాకు మళ్ళా ఓటీ వస్తాది కదా, అప్పుడు?"

"అప్పుడు చేయనని ముందే చెప్పేస్తా. జీతంలో పోతే పోనీ."

అతను ఆలోచించి, "పొద్దున మోటరు నేను వేస్తాలే" అన్నాడు.

జూన్‌లో మొదలుపెట్టింది. రోజుకొక పేజీ, ఏదో ఒక విషయం మీద. కిరణ్మయి అప్పటికి హాస్టలుకు మారిపోయింది. పేజీలు ఫోనులో ఫోటో తీసి పంపితే ఎర్రగీతలు కొట్టి తిప్పి పంపేది. మొదట్లో పేజీ అంతా ఎరుపే. దసరాకు ఓవర్‌టైము చేయనంటే నరేశ్ మొహం మాడ్చుకున్నాడు, అంతకంటే ఏమీ చేయలేకపోయాడు. టెన్త్ అయ్యి పీయూసీలో, అంటే ఇంటర్లో, చేరిన చైత్ర తల్లి రాసిన వాక్యాలు చదివి, "ఇది చాలా పొడవుగా ఉందమ్మా, రెండు చెయ్" అని సలహాలు ఇచ్చేది. కాత్యాయనికి ఒక్కోసారి ఒళ్ళు మండేది, అయినా రెండు చేసేది.

రెండో ఏప్రిల్‌లో అన్ని జవాబులూ రాసి, చివర్లో ఒకసారి సరిచూసుకుని లేచింది. జాబితాలో ఆమె పేరు బాగా కిందుగానే ఉంది గాని, ఉంది. ఆ సంగతి విని భాగీరథమ్మ, "ఇంకెన్నేండ్లు చదవల్ల?" అని అడిగింది. మూడేళ్ళు అంటే, "చూసేదానికి నేనుంటాలే" అంది.

స్కాలర్‌షిప్పు కొంత వచ్చింది, మిగతాదానికి బ్యాంకు లోను తీసుకున్నారు. ఫ్యాక్టరీలో రాజీనామా ఇచ్చింది. ఇప్పుడు మొదటి ఏడు చదువుతోంది. ఇంటి నుంచి కాలేజీకి రెండు బస్సులు మారాలి. క్లాసులో తొలిరోజు పిల్లలు టీచరనుకుని లేచి నిలబడ్డారు, ఇప్పుడు అక్కా అంటారు. ఒక ఏడు ముందున్న కిరణ్మయి క్యాంటీనులో ఆమెకు చోటు పట్టి ఉంచుతుంది. మొన్న కాంట్రాక్టుల చట్టం పేపర్లో కాత్యాయనికి మార్కులు బాగా తక్కువొచ్చాయి. దిగులుపడింది. ఆ పాఠాలే మళ్ళీ చదవటానికి శనివారం పొద్దుపోయేదాకా లైబ్రరీలో ఉంటానని ఇంట్లో చెప్పింది. హేమంత్‌కుమార్ సరేనని, కూరకు ఏం తేవాలో అడిగి బండి తీశాడు.