మంచిర్యాల స్టేషన్‌లో పిలిచిన పేరు

ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్లకు మొగుడి పేరు ఒక్కటి తప్ప ఊళ్లో అందరి పేర్లూ నోటికి వచ్చేవి. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని భయం. (ఆయన పొద్దస్తమానం మన పేరు అరిచినా మన ఆయుష్షుకు ఏమీ కాదు. ఆ కిటుకేమిటో నాకెవరూ చెప్పలేదు.) మా అత్తమ్మ ఇబ్బంది ఇంకా పెద్దది. తన పెద్దకొడుక్కి, అంటే మా ఆయనకి, ఆమె మామగారి పేరే పెట్టారు. మామ పేరు కోడలు పలకకూడదు కదా! అందుకని కన్నకొడుకును కూడా "పెద్దోడా" అనే పిలిచేది. అలా మా ఇంట్లో ఆ పేరును పలికే దిక్కే లేకుండా పోయింది.

నా పెళ్లయిన మరుసటి ఏడు మా మరిది పెళ్లి కాగజ్‌నగర్‌లో కుదిరింది. పెళ్లికొడుకూ చుట్టాలూ ముందురోజే లారీలో వెళ్లిపోయారు. పుస్తెమట్టెలు చేసే అవుసలాయన ఆలస్యం చేయడంతో, అవి తీసుకుని మేం ముగ్గురం పెద్దపల్లిలో రైలెక్కాం. అత్తమ్మా నేనూ ఆడవాళ్ల డబ్బాలో. మా ఆయన పుస్తెమట్టెలు రుమాల్లో కట్టి నడుముకు చుట్టుకుని పక్క డబ్బాలో. లగ్గం ఆ సాయంత్రమే, ఆ బండి తప్పితే మళ్లీ తెల్లారే.

మంచిర్యాలలో ఆయన మా చెంబు తీసుకుని నీళ్లకు దిగాడు. నల్లా దగ్గర పాత దోస్తు ఎవరో కలిశాడు. ముచ్చట దొరికితే మా ఆయనకు పిడుగు పడ్డా వినిపించదు. ఇంజన్ కూత వేసింది, తల తిప్పలేదు. "ఇగో! జర ఇటు సూడుండ్రి!" అని కిటికీలోంచి అరిచాను. ప్లాట్‌ఫారం మీది మగవాళ్లంతా తమ ఇంటావిడే పిలిచిందేమోనని తిరిగి చూశారు, ఒక్క మా ఆయన తప్ప. అత్తమ్మ నన్ను పక్కకు నెట్టి "ఓ పెద్దోడా!" అని కేక పెట్టింది. ఎవరింటి పెద్దోళ్లో ఇద్దరు పరుగెత్తుకొచ్చి "ఏమైందవ్వా?" అన్నారు. మావాడు చేతులు తిప్పుతూ ముచ్చట్లోనే ఉన్నాడు. బండి కదిలింది.

"అత్తా, పేరు పెట్టి పిలువు!"

"ఎట్ల పిలుస్తనే? మా మామ పేరాయె!"

"మరి పుస్తె?"

అత్తమ్మ నోరు తెరిచింది, మూసింది. నేను కిటికీ చువ్వలు పట్టుకుని, కళ్లు మూసుకుని, ఉన్న ఊపిరంతా కూడగట్టి అరిచాను. "ఓ రాజలింగం! బండి పోతుంది, ఉరుకు!" (ఉరుకుండ్రి అనాలన్న తెలివి ఆ గడియలో ఎక్కడిది!)

ఆయన ఎగిరిపడ్డాడు. తనను పేరు పెట్టి పిలిచే ఆడగొంతు ఈ భూమ్మీద ఉందా అన్నట్టు చూసి, చెంబుతో సహా పరుగెత్తి ఆఖరి డబ్బా పట్టుకున్నాడు.

మా డబ్బాలో ఆడవాళ్లంతా నా వైపే తిరిగారు. కొంగు నెత్తిన కప్పుకుని అత్తమ్మ తిట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఎదురుగా ఉన్న ఒక ముసలవ్వ అడిగింది. "పిల్లా, మొగని పేరేనా?" తల ఊపాను. "పిలిస్తే ఏమైంది? సచ్చిండా? ఉరికిండు!"

డబ్బా అంతా ఘొల్లుమంది. "నేను గూడ అంటా, సూస్త ఏమైతదో! మా ముసలోని పేరు ఎల్లయ్య!" అందా అవ్వ. ఇంకేముంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకామె, ముఖం కిటికీ వైపు తిప్పుకుని ఒకామె... మల్లయ్య, ఓదెలు, కొమురయ్య, వరసగా బయటపడ్డారు. చివరికి అందరూ అత్తమ్మ వైపు చూశారు. ఆమె కొంగు అంచు నలిపి నలిపి, మెల్లగా "శంకరయ్య" అంది. కాలం చేసిన మా మామగారి పేరు. మళ్లీ తనే, ఇంకాస్త గట్టిగా, "శంకరయ్య" అని ముక్కు చీదుకుని నవ్వింది.

బెల్లంపల్లిలో మా ఆయన ఖాళీ చెంబుతో కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లంతా ఒక్కగొంతుతో "రాజలింగం, నీళ్లేవి?" అన్నారు. "గీళ్లకు నా పేరెట్ల తెలిసె?" అంటూ, దాని మీద గానీ పేరు చెక్కించామేమోనని ఆయన చెంబు తిప్పి చూసుకున్నాడు.

లగ్గం వేళకు చేరాం. సంగతి విని అక్కడెవరో ముక్కు మీద వేలేసుకుంటే, తిడుతుందనుకున్న అత్తమ్మే విరుచుకుపడింది. "అది పిలువకుంటె పుస్తె మంచిర్యాలల్నే ఉంటుండె. మీ ఆచారం దెచ్చి కడుతుంటిరా పిల్ల మెడల?" కట్టుబాటు భయం మీద నిలబడుతుందని అప్పటిదాకా అనుకున్నాను. ముందు నోరు తెరిచేవాళ్లు లేకపోతే కూడా అది హాయిగా నిలబడుతుందని ఆ డబ్బాలో తెలిసింది.

ఇప్పుడు బ్యాంకులో అడిగితే ఆయన పేరు టక్కున చెప్తాను. ఇంట్లో మాత్రం "ఇగో" అనే పిలుపు. "ఆ దినం లెక్క ఒక్కసారి గట్టిగ పిలువరాదే" అంటాడాయన. నోరు తెరుస్తాను, సిగ్గేస్తుంది, నవ్వొస్తుంది. కిటికీ చువ్వలు పట్టుకుని అరిచిన ఆ పిల్ల ఏ స్టేషన్‌లో దిగిపోయిందో మరి!