అమ్మాయి నవ్వమంటే సగం మొహమే నవ్వింది

ఆ రోజు పొద్దున్న పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్లు నోటి ఎడమ పక్కనుంచి చిమ్మి అద్దం మీద పడ్డాయి. ఇదేంటి చెప్మా అనుకుని మళ్లీ పుక్కిలించాను, మళ్లీ అంతే. ముందురోజంతా ఓడ పైఅంతస్తులో చలిగాలికి నిలబడ్డాను కదా, మొహం కొయ్యబారి ఉంటుందిలే అని అద్దం తుడిచేసి ఊరుకున్నాను.

మాది మండపేట. మా ఆయనా నేనూ కలిసి స్టీలు సామాన్ల కొట్టు నడుపుతాం. లెక్కలు ఆయనవి, బేరాలు నావి. నోరు పనిచేయకపోతే నా పని జరగదు. మా అమ్మాయి హారిక స్కాట్లాండ్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. ఈస్టర్ సెలవులకి వస్తే కొండలూ, సరస్సులూ, దీవులూ అన్నీ తిప్పుతానంటే, కొట్టు ఆయనకి అప్పజెప్పి నేనొక్కదాన్నే విమానం ఎక్కాను. పెళ్లయ్యాక కొట్టు వదిలి అన్ని రోజులు ఉండటం అదే మొదలు.

ఆ పొద్దున్నే హారిక నన్ను ఒక సరస్సు ఒడ్డున నిలబెట్టి ఫోన్ తీసింది.

"అమ్మా, కాస్త నవ్వు."

"నవ్వుతున్నానే."

"ఎక్కడ? నిన్న హోటల్లో పులిహోర పొట్లం విప్పొద్దన్నాననే కదా ఆ మూతి?"

నాకు కోపమొస్తే మూతి తిప్పే అలవాటుంది. ఇంటిల్లిపాదికీ అది తెలుసు, అందుకే పిల్ల అలక అనుకుంది. నాకు ఒళ్లు మండి, "నవ్వుతున్నానంటే నమ్మవేం?" అన్నాను. ఆ మాట ముద్దగా వచ్చింది. హారిక ఫోన్ దించి దగ్గరికొచ్చింది.

"అమ్మా, కళ్లు మూసుకో."

మూసుకున్నాను.

"ఎడమది మూతపడలేదమ్మా," అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా మామగారికి పక్షవాతం ఇలాగే, మూతి వంకరతోనే మొదలైంది. ఆయన మళ్లీ మంచం దిగలేదు.

ఇంటికి వీడియో కాల్ చేశాం. కొట్లో మా ఆయనతోపాటు వాళ్లక్కగారు, అంటే మా వదినగారు కూడా ఉన్నారు. ఆవిడ మా ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు. "హారికా, అమ్మని వెంటనే పంపించేయవే. ధవళేశ్వరం బ్యారేజీ దాటాక ఒకాయన చెవిలో ఆకుపసరు పోస్తారు. మూడు విడతల్లో మూతి చక్కబడిపోద్ది. కానీ ఇంగ్లీషు మందు ఒక్క బిళ్ల పడినా ఇంక పసరు పనిచెయ్యదంట. ఏమీ మింగనివ్వకు."

"అత్తా, ముందు హాస్పిటల్. తర్వాత ఏదైనా," అని హారిక ఫోన్ పెట్టేసింది. నిజం చెప్పాలంటే నా మనసు వదినగారి వైపే ఉంది. తెలియని ఊళ్లో, తెలియని మనుషుల మధ్య నాకేమైనా అయితే ఈ పిల్ల ఒక్కతీ ఏం చేస్తుందన్నదే నా బెంగ.

హాస్పిటల్లో డాక్టరు చిన్నావిడే. ఆవిడ అడగడం, హారిక తెలుగులో చెప్పడం. చేతులు పైకెత్తండి. పళ్లు చూపించండి. కనుబొమలు ఎగరేయండి. కుడిది ఎగిరింది, ఎడమది కదల్లేదు. అది చూసి డాక్టరు చిన్నగా నవ్వింది. ఇందులో నవ్వేందుకు ఏముందమ్మా అనుకున్నాను.

"స్ట్రోక్ అయితే సాధారణంగా నుదురు కదులుతుంది. మీకు నుదురు కూడా కదలడం లేదు, చేతులూ కాళ్లూ బాగున్నాయి. ఇది పక్షవాతం కాదు, బెల్స్ పాల్సీ. మొహాన్ని కదిలించే నరం, ఫేషియల్ నెర్వ్, వాచింది," అంది. ఓడ మీద గాలి వల్లేనా అని అడిగించాను. గాలి కారణమని చెప్పలేం, ఎందుకొస్తుందో మాకూ పూర్తిగా తెలియదంది. "స్టెరాయిడ్ మూడు రోజుల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. మీరు మొదటి రోజే వచ్చారు, మంచిదైంది."

విమానం ఎక్కి ఇంటికెళ్లి, ఆ పసరు దగ్గర కూర్చునుంటే ఆ మూడు రోజులూ అక్కడే అయిపోయేవి. అయినా బిళ్ల అరచేతిలో పెట్టుకుని కాసేపు తటపటాయించాను. హారిక మొహం చూసి మింగేశాను. నీళ్లు సగం స్వెట్టరు మీద పడ్డాయి గానీ బిళ్ల లోపలికే పోయింది.

హారిక మిగతా టికెట్లన్నీ క్యాన్సిల్ చేస్తానంది. కన్ను జాగ్రత్తగా చూసుకుంటూ తిరగొచ్చని డాక్టరే చెప్పాక, ఇంతదూరం వచ్చి గది గోడలు చూస్తూ కూర్చుంటానా? కంటికి ప్యాచ్ కట్టుకుని కోటలెక్కాను, దీవులు తిరిగాను, స్ట్రా వేసుకుని కాఫీ తాగాను. గంటగంటకీ హారిక కంట్లో డ్రాప్స్ వేసేది. పడుకోబోయే ముందు ఆయింట్‌మెంట్ రాసి, రెప్ప మూసి టేపు అతికించేది. ఒకరోజు సీల్ జంతువులు కనబడ్డాయన్న సంబరంలో గాలిలో ప్యాచ్ తీసేశాను. సాయంత్రానికి కన్ను ఎర్రగా వాచింది. మళ్లీ హాస్పిటల్, మళ్లీ డ్రాప్స్. "నీకెన్నిసార్లు చెప్పాలమ్మా?" అని అది తిడుతుంటే నాకు ఎంత ముద్దొచ్చిందో. కన్న పిల్ల నన్ను పసిపిల్లలా చూసుకుంటుంటే సంతోషంతో ఏడ్చేశాను. ఎడమకన్ను ఎలాగూ కారుతూనే ఉంది కాబట్టి హారిక గమనించలేదు.

మండపేట వచ్చాక అసలు కష్టం మొదలైంది. వారాలు గడుస్తున్నా మొహంలో మార్పు లేదు. కొంగు అడ్డం పెట్టుకుని బేరాలు చేయలేక కొట్టుకి వెళ్లడమే మానేశాను. రాజమండ్రిలో న్యూరాలజిస్టు బీపీ, షుగరు చూసి, "నరం నెమ్మదిగా కోలుకుంటుందమ్మా. అద్దం ముందు ఎక్సర్‌సైజులు చేయండి. చెవిలో మాత్రం ఏదీ పోయకండి," అన్నారు. వదినగారు మాత్రం రోజూ వచ్చి పసరుకి పదమని అదే పాట. ఒకరోజు నేనూ విసిగిపోయాను.

"ఇంగ్లీషు మందు మింగాక పసరు పనిచెయ్యదని మీరే అన్నారు కదండీ వదినగారూ, మళ్లీ మీరే పదమంటారేంటి?" అని గట్టిగా అడిగేశాను.

ఆవిడ నా మొహం దగ్గరికి వంగారు. నన్నే చూస్తూ, "ఆగు రత్నం. నీ ఎడం పెదవి కదిలిందే," అన్నారు.

ఇద్దరం అద్దం దగ్గరికి పరిగెత్తాం. అవును, వెంట్రుకవాసి కదిలింది. ఆవిడ నన్ను పట్టుకుని ఏడ్చేశారు. అక్కడినుంచి వారం వారం తేడా తెలిసింది. ఇప్పుడు మొహం దాదాపు మామూలే. అన్నం తినేటప్పుడు ఎడమకన్ను కాస్త చిన్నదవుతుంది, అంతే. కొట్లో బేరాలు మళ్లీ నావే.

నేను చెప్పేది ఒక్కటే. మూతి ఒక పక్కకి లాగినట్టు అనిపిస్తే ఆ నిమిషమే హాస్పిటల్‌కి వెళ్లండి. అది స్ట్రోకా, నరం వాపా అన్నది మన ఇళ్లల్లో తేలే విషయం కాదు. ఇంగ్లీషు మందు వేసుకోకుండా రమ్మని ఎవరైనా అంటే అసలు వెళ్లకండి.

ఈమధ్య వదినగారి భర్తకి అన్నం తింటుంటే మూతి జారింది. ఆవిడ పసరు మాటే ఎత్తలేదు. కంచం ముందునుంచి లేపి, కారు మాట్లాడి, తిన్నగా రాజమండ్రి తీసుకెళ్లారు. ఆయనది నిజంగా స్ట్రోకే. టైముకి తెచ్చారు కాబట్టి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలిగామన్నారట డాక్టర్లు. నిన్న సాయంత్రం ఇద్దరూ మా కొట్టుకి నడిచే వచ్చారు.