ఊరికే కూర్చున్న యంత్రం

క్విన్సీ ఊళ్లో లోరీన్ పొదుపు గురించి చెప్పుకుని నవ్వని వాళ్లు లేరు. బంగాళాదుంప చేలల్లో పెరిగిన మనిషి. మడి తడిశాక నీళ్ల పంపు కాసేపు తిరిగినా వాళ్ల నాన్న వీపు చిట్లగొట్టేవాడు. ఆ భయం ఒంట్లోంచి పోలేదు. ఎవరూ లేని గదిలో దీపం కనబడితే చాలు, ఆమె చెయ్యి మీట మీదికి పోయేది. వరసలకొద్దీ కంప్యూటర్లు నడిచే డేటా సెంటర్లో పనికి కుదిరాక ఆ గుణమే మంచిపేరు తెచ్చింది.

ఆ ఆగస్టు మధ్యాహ్నం ఊరంతా పొగ. కొండల్లో అడవి తగలబడుతోంది. అక్కడి లోయలోనే చెల్లెలు వాండా గుర్రాలు పెంచుకుంటూ ఉంటోంది. గుబులు అణచుకోవడానికి లోరీన్ పనిలో పడింది. వరస చివర పెద్ద సర్వర్ ఒకటి ఏ పనీ లేకుండా వేడెక్కుతోంది. ఆపేసింది.

కాసేపటికి షిఫ్టుకి పెద్దైన ఎఫ్రైన్ పరుగున వచ్చాడు.

"ఆ చివరిది ఆపింది నువ్వేనా?"

"గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. ఆపక?"

"దానికి పని లేదు, నిజమే. దాని మెమరీని పక్క యంత్రాలకి అరువిచ్చాం తల్లీ. అవి మాటిమాటికీ కావలసినవన్నీ అందులో దాచుకున్నాయి. ఇప్పుడు అన్నీ కలిసి డిస్కుల మీద పడ్డాయి. అవా, నత్తలు." అతను వరస చివరికి చెయ్యి చూపించాడు. "ఆ కొండల జిల్లా అధికారుల హెచ్చరికలు వీటిమీదే నడుస్తున్నాయి. ఇల్లు ఖాళీ చెయ్యమనే మెసేజీలు కదలట్లేదు."

లోరీన్ ఆ యంత్రం దగ్గరికి పరుగెత్తింది. గబగబా మీట వేసింది. యంత్రం లేచింది గానీ కరెంటు పోయినప్పుడే అందులో దాచిందంతా పోయింది.

"మళ్లీ నిండాలి. ఒక్కో ముక్కా డిస్కు నుంచే రావాలి," అన్నాడు ఎఫ్రైన్.

"మా చెల్లి అక్కడే ఉంది."

లోరీన్ ఫోన్ తీసింది. వాండాకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. నా చేత్తో నేనే చంపుకున్నాను అనుకుంది లోరీన్. గోడకి ఆనుకుని నేలమీద కూలబడింది.

పొద్దు వాలుతుండగా వాండాయే ఫోన్ చేసింది.

"గుర్రాలు తలుపులు తన్నుతుంటే బయల్దేరిపోయానే. సగం దారిలో వచ్చింది మీ మెసేజీ. మీ కంప్యూటర్లని నమ్ముకునుంటే బూడిదే."

ఆపింది నేనే అని లోరీన్ చెప్పబోయింది. "గుర్రాలు క్షేమమేనా?" అని మాత్రం అడిగింది.

ఇంటికొచ్చేసరికి ఎవరూ లేని వంటగదిలో దీపం వెలుగుతోంది. లోరీన్ చెయ్యి మీట దాకా వెళ్లి, వెనక్కి వచ్చేసింది.